అయిదు కింద రెండు

తెనాలిలో ఆ లాయరుగారు మా అమ్మను నవ్వులపాలు చేసిన రోజు నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు నేను బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. అమ్మ రేపల్లెలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేది. పాత నాణేలు సేకరించేవాళ్ళ సంఘం ఒకటి తెనాలిలో ఉందనీ, కల్యాణ మండపంలో ప్రదర్శన పెడుతున్నారనీ, ఎవరి దగ్గరైనా పాత నాణెం ఉంటే తెచ్చి చూపించుకోవచ్చనీ స్టాఫ్‌రూములో ఎవరో చెప్పారు. అమ్మ తన నాణేన్ని రుమాల్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని రేపల్లె నుంచి తెనాలి బండెక్కింది.

ఆ నాణెం మా ఇంట్లోకి ఆడవాళ్ళ చేతుల మీదుగా వచ్చింది. అమ్మ వాళ్ళ అమ్మమ్మది అడవులదీవి. చిన్నతనంలోనే మిషన్ ఆస్పత్రిలో పనికి చేరి, అక్కడే కాన్పులు చేయడం నేర్చుకుంది. ఆమెకు పని నేర్పిన అమెరికా దొరసాని ఆఖరుసారి ఓడెక్కే ముందు, తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న వెండి నాణేన్ని ఆమె చేతిలో పెట్టిందట. అది అమెరికా వాళ్ళ అర డాలరు. ఒక వైపు టోపీ పెట్టుకున్న స్త్రీ ముఖం, దాని కింద 1807. రెండో వైపు రెక్కలు విప్పిన గద్ద, గద్ద కాళ్ళ కింద విలువ చెప్పే 50 అంకె. నాణెం అంచు చుట్టూ కూడా అక్షరాలుంటాయి. చిన్నప్పుడు వాటిని గోటితో తడుముతూ చదివేదాన్ని.

ఆ 50లోని అయిదు కింద ఇంకో అంకె ఉందని మొదట కనిపెట్టింది అమ్మే. సైన్సు టీచరు కాబట్టి ఇంట్లో మంచి భూతద్దం ఉండేది. అయిదు పొట్టలోంచి రెండు అంకె మెడ సన్నగా తొంగిచూస్తూ ఉంటుంది, అడుగున దాని తోక కూడా కనిపిస్తుంది. అచ్చు చెక్కినవాడు పొరపాటున ముందు 20 అని కొట్టి, నాలుక్కరుచుకుని, దాని మీదే 5 కొట్టి ఉంటాడని అమ్మ ఊహ. పరీక్ష పేపర్లలో పిల్లలు దిద్దిన అంకెలు ఎన్ని చూడలేదు, ఇదీ అలాంటిదే అనేది. ఆ రోజు తెనాలి వెళ్ళింది కూడా ఆ ఊహ సరైనదో కాదో తెలుసుకుందామనే. నాణేన్ని అమ్ముకునే ఉద్దేశం ఆమెకు లేనే లేదు.

సంఘానికి అధ్యక్షుడు ఆ లాయరుగారు. నందివెలుగు వైపు తాతల నాటి పొలాలున్న కుటుంబం. విదేశీ వెండి నాణేల గురించి ఈ చుట్టుపక్కల ఆయన మాటే ఆఖరి మాట. నల్ల వెల్వెట్ గుడ్డ పరిచిన బల్ల వెనక కూర్చుని, జనం తెచ్చినవన్నీ చూసి తీర్పు చెబుతున్నాడు. అమ్మ వంతు వచ్చేసరికి చుట్టూ చాలామంది మూగి ఉన్నారు. వాళ్ళలో అమ్మ స్కూలు నుంచి వచ్చిన టీచర్లూ ఉన్నారు. ఆయన నాణేన్ని తీసుకుని, కంటికి భూతద్దం బిగించి, చాలాసేపు చూశాడు. అంచు తిప్పి చూశాడు. మళ్ళీ గద్ద వైపు తిప్పి చూశాడు. ఇది ఎక్కడిదని అడిగితే అమ్మ ఆస్పత్రి సంగతీ దొరసాని సంగతీ చెప్పింది.

ఆయన భూతద్దం తీసి చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూసి, "పాలపిండితో పాటు ఇలాంటివి కూడా పంచేవాళ్ళన్నమాట," అన్నాడు.

అందరూ నవ్వారు. మా వాళ్ళను పాలపిండికి మతం మారినవాళ్ళని వెక్కిరించడం మా అమ్మకు కొత్త కాదు. ఆమె ఆ మాట వినపడనట్టే ఉండి, అయిదు కింద రెండు ఉంది చూడండి అని వేలుపెట్టి చూపించింది.

"అమెరికా వాళ్ళకి అయిదుకీ రెండుకీ తేడా తెలీదంటారా టీచరమ్మా? ఇది పోతపోసిన బొమ్మ నాణెం. ఆ గీతలు పోతలో పడ్డ సొట్టలు. మీ స్కూలు పిల్లలకి మాత్రం ఇలాంటి లెక్కలు నేర్పకండి."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. దాన్ని అక్కడే వదిలేసి వెళ్తే, నకిలీ ఎలా ఉంటుందో చూపించడానికి అద్దాల పెట్టెలో పెడతానని కూడా ఆయన అన్నాడు. అమ్మ చెయ్యి చాచి నాణేన్ని తీసుకుంది. రుమాల్లో చుట్టింది. ముడి పడడానికి కాసేపు పట్టింది. రేపల్లె చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

మాట మాత్రం మాకంటే ముందే స్కూలుకు చేరింది. స్టాఫ్‌రూములో అమ్మ "బొమ్మ నాణెం టీచరు" అయింది. తర్వాత పిల్లలదాకా పాకింది. బోర్డు మీద అంకె దిద్దితే వెనక బెంచీల్లోంచి కిసుక్కుమనేవాళ్ళట. అంతకుముందు అమ్మ క్లాసుకు రాళ్ళూ గవ్వలూ పురుగుల గూళ్ళూ పట్టుకెళ్ళి చూపించేది. అది మానేసింది. రిటైరయ్యేదాకా ఆ స్కూల్లోనే పనిచేసింది, ఆ పేరుతోనే పనిచేసింది. చర్చిలో ప్రార్థనలో క్షమించడం గురించిన మాట వచ్చినప్పుడు అమ్మ పెదవులు కదలడం ఆగిపోయేది. ఆ తర్వాతి మాట దగ్గర మళ్ళీ అందుకునేది. నేను పక్కన నిలబడి గమనించేదాన్ని. నేనూ ఆ మాట అనడం మానేశాను.

చదువయ్యాక బాపట్లలోనే విత్తన పరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రైతుకు వెళ్ళే వడ్లలో, మినుముల్లో, పెసల్లో కలుపు గింజలెన్ని ఉన్నాయో మైక్రోస్కోపు కింద ఏరి చెప్పడం మా పని. రెండు గింజలు ఒకే రంగు, ఒకే సైజు ఉంటాయి. తొడిమ ఊడిన చోట మచ్చ గుండ్రంగా ఉందా కోలగా ఉందా అన్నదే తేడా. ఆ పని చేసీ చేసీ నా కన్ను చిన్న తేడాలకు అలవాటుపడింది. ఒకసారి మధ్యాహ్నం భోజనాల వేళ, అమ్మను అడిగి తెచ్చిన నాణేన్ని గింజలు పెట్టే పళ్ళెంలో పెట్టి చూశాను. అయిదు కింద రెండు స్పష్టంగా ఉంది. సొట్ట కాదు. సొట్టయితే లోపలికి పోతుంది, ఇది పైకి లేచి ఉంది.

అప్పటికి ఇంటర్నెట్టు వచ్చేసింది. అమెరికాలో తొలినాటి వెండి నాణేలను అచ్చుల వారీగా విడదీసి చదివేవాళ్ళున్నారని తెలిసింది. 1807 అర డాలర్లలో ఇరవై మీద యాభై కొట్టిన అచ్చు వాళ్ళందరికీ బాగా తెలిసినదే. మరీ అరుదైనది కూడా కాదు. ఆ సంవత్సరం నాణేలు చూసేవాడెవడైనా మొట్టమొదట వెతికే గుర్తు అదే. అమ్మ ఊహ అక్షరాలా నిజం. పరుగున రేపల్లె వెళ్ళి చెప్పాను. అమ్మ గోరుచిక్కుడుకాయలు తుంచుతూ ఉంది.

"నాకు తెలుసు కదే. నాకు చెప్పడం దేనికి?" అంది, తలెత్తకుండా.

మరి ఎవరికి చెప్పాలో నాకు అర్థమైంది. కానీ ఒట్టి చేతుల్తో వెళ్ళి మా నాణెం అసలుదేనండి అంటే ఆయన ఇంకో జోకు వేస్తాడు, జనం ఇంకోసారి నవ్వుతారు. ఆయనకు ఏది బాగా తెలుసని ఊరంతా నమ్ముతోందో అక్కడే ఆయన్ని పట్టుకోవాలి. అందుకోసం ఆ విద్య నేర్చుకోవడం మొదలుపెట్టాను. నాణేల మీద ప్రేమతో నేర్చుకున్నానని ఇప్పుడు అందరూ అనుకుంటారు. కాదు. కక్షతో నేర్చుకున్నాను.

ఏళ్ళ తరబడి దొరికిన ప్రతి ఫోటో చూశాను. నాణెం మీద అక్షరం జంటగా కనబడితే దానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, అచ్చులోనే జంట గీత ఉండడం. అప్పుడు ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ జంట ఉంటుంది. రెండో గీత కూడా మొదటి దానిలాగే గుండ్రంగా, నిండుగా, అక్షరాన్ని లావు చేస్తూ ఉంటుంది. సేకరించేవాళ్ళు వెతికేది అదే. రెండో కారణం, నాణెం కొట్టేటప్పుడు మర అదిరి, అచ్చు ఎగిరి, లోహాన్ని కాస్త పక్కకు ఈడ్చడం. అప్పుడు అక్షరం పక్కన చదునుగా, నొక్కినట్టు, మెట్టులాంటి అంచు పడుతుంది. అక్షరం లావవడం పోయి సన్నబడుతుంది. అది ఆ ఒక్క నాణేనికి తగిలిన దెబ్బ. దానికి విలువా లేదు, పేరూ లేదు.

తొలినాటి అమెరికా అచ్చుల్లో ఇంకో గుర్తు కూడా ఉంది. అప్పట్లో అచ్చు మీద ఒక్కో అక్షరాన్నీ ఒక్కో ఉలితో, ఒక్కో సుత్తి దెబ్బతో కొట్టేవాళ్ళు. పొరపాటు జరిగి రెండోసారి కొడితే ఆ అక్షరం ఒక్కటే జరుగుతుంది, అదీ తనకు తోచిన వైపుకు. ఒకటి పైకి, ఇంకొకటి పక్కకి. వరసలోని అక్షరాలన్నీ కలిసి ఒకే వైపుకు, ఒకే కొలతలో జరిగాయంటే అది చెక్కినవాడి చెయ్యి కాదు, మర అదురు.

ఆన్‌లైన్ గ్రూపుల్లో నా పేరు బయటపెట్టకుండా జవాబులు రాసేదాన్ని. నెమ్మదిగా ఇక్కడివాళ్ళు కూడా నా నంబరు కనుక్కుని, ఫోటోలు పంపి అడగడం మొదలుపెట్టారు. అలా ఒకరోజు తెనాలి సంఘం కార్యదర్శి ఫోన్ చేసింది. ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది, సంఘంలో కొత్తగా చేరింది, పాత సంగతులేవీ తెలియవు. లాయరుగారు తన వెండి నాణేల మీద పుస్తకం వేస్తున్నారనీ, ఆవిష్కరణ సభలో అచ్చుల్లో తేడాల గురించి నాలుగు మాటలు మాట్లాడాలనీ అడిగింది. పుస్తకం అట్ట ఫోటో కూడా వాట్సాప్‌లో పంపింది.

అట్ట నిండా ఒకే నాణెం. మాదానికంటే కొంచెం తర్వాతి కాలపు అర డాలరు, గద్ద వైపు. చుట్టూ ఉన్న అక్షరాలన్నీ జంటగా కనబడుతున్నాయి. భారతదేశంలో మరెక్కడా లేని జంట అచ్చు అని కింద రాసి ఉంది. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ప్రతి అక్షరం పక్కనా చదునైన మెట్టు. అన్నీ గడియారం ముల్లు తిరిగే వైపుకే, ఒకే కొలతలో. ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఆ సంగతి ఆవిడకు ఫోన్లోనే చెప్పి ఉంటే ఆ అట్ట మార్చుకునేవాళ్ళు, ఆయన పరువు దక్కేది. అందుకే చెప్పలేదు. తప్పకుండా వస్తానండి అన్నాను.

అమ్మ అప్పటికి నా దగ్గరే బాపట్లలో ఉంటోంది. ఆమెకు అంతా చెప్పాను. బీరువాలోంచి తన ఆకుపచ్చ వెంకటగిరి చీర తీసి ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది.

సభ నిండా జనం. ఆయన వేదిక మీద శాలువాతో కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టలేదు. నా వంతు రాగానే తెర మీద అట్ట ఫోటోనే వెయ్యమన్నాను. అచ్చు జంటకూ దెబ్బ జంటకూ తేడా ముందు వివరంగా చెప్పాను, అందరికీ తలకెక్కేదాకా చెప్పాను. ఆయన కూడా తల ఊపుతూ విన్నాడు. అప్పుడు ఆయన వైపు తిరిగాను.

"ఈ అక్షరాలన్నీ ఒకే వైపుకి జరిగాయా లేదా, మీరే చెప్పండి సార్," అన్నాను.

ఆయన నవ్వుతూనే తెర వైపు చూశాడు. చూస్తూ ఉండగా నవ్వు మొహంలో ఎలా చెదిరిపోయిందో నేను దగ్గరనుంచి చూశాను. ఎంత కాదన్నా తెలిసినవాడు, చూడగానే అర్థమైంది. అర్థమై కూడా, మీరు విత్తనాల ఆవిడ కదమ్మా, నాణేల సంగతి వేరు అన్నాడు. మెట్టు చదునుగా ఉందా గుండ్రంగా ఉందా అని నేను మళ్ళీ అడిగాను. అక్షరం లావైందా సన్నబడిందా అని అడిగాను. ముందు వరసలో ఒకాయన, సన్నబడిందండి అని తనే చెప్పేశాడు. వెనక ఎవరో నవ్వారు. ఒకరు మొదలుపెడితే అందరూ అందుకునే ఆ నవ్వు నేను అంతకుముందు విన్నదే.

"ఇది అచ్చు తప్పు కాదండి, దెబ్బ తప్పు. ఇలాంటివి చాలా ఉంటాయి," అని చెప్పి మైకు పక్కన పెట్టాను.

మెట్లు దిగుతుంటే ఆయన వెనకే వచ్చి, నువ్వు ఎవరి తాలూకమ్మా అని అడిగాడు. రేపల్లె బొమ్మ నాణెం టీచరు కూతుర్నండి అన్నాను. ఆయన చూపు వెంటనే నా హ్యాండ్‌బ్యాగు మీదికి వెళ్ళింది. మరచిపోయి ఉంటాడని నేను దారిపొడుగునా భయపడ్డాను. మరచిపోతే నా కష్టమంతా వృథా. మరచిపోలేదు. నాకు అది చాలా తృప్తినిచ్చింది.

తర్వాతి వారం కారు వేసుకుని బాపట్లలో మా ఇంటికి వచ్చాడు. అమ్మ వరండాలో కూర్చుని ఉంది. లేవలేదు. కుర్చీ మాత్రం చూపించింది. ఆయన కాసేపు ఎండల గురించి మాట్లాడి, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. పుస్తకాలు ఇంకా పంచలేదట, అట్ట మార్పిస్తాడట. నేను గ్రూపుల్లో ఈ సంగతి రాయకుండా ఉంటే చాలట. అమ్మ ఆయన మొహంలోకే చూస్తూ ఉండేసరికి ఆయనే తల దించుకున్నాడు.

"ఆ రోజే చూశానమ్మా. అయిదు కింద రెండు ఉంది. నా దగ్గర లేనిది మీ దగ్గరుంది. నకిలీ అంటే విసుగొచ్చి వదిలేసి వెళ్తారనుకున్నాను."

ఆయన తెలియక దాన్ని నకిలీ అన్నాడని నేను అనుకుంటూ వచ్చాను. ఇన్నేళ్ళూ ఆయన్ని అహంకారిగానే అసహ్యించుకున్నాను. ఇప్పుడు దొంగ అని తెలిసింది. నా ఒళ్ళంతా మండిపోయింది. గేటు చూపించబోయాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నాకు చెప్పడం దేనికండి? నాకు తెలుసు. తెలియనివాళ్ళకి చెప్పండి. అక్కడే, అందరి ముందూ."

"నాకు వయసైపోయిందమ్మా," అన్నాడాయన.

"నాకూ అయిందండి," అంది అమ్మ.

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేమీ లేదని నేను ఆయన పక్కనే నిలబడి గుర్తుచేశాను. చెబితే నేను రాయను. చెప్పకపోతే మర అదురు సంగతే కాదు, ఇప్పుడు విన్నది కూడా రాస్తాను.

సంఘం తర్వాతి సమావేశానికి అమ్మ మోకాళ్ళ నొప్పితోనే బయల్దేరింది. బాపట్ల నుంచి తెనాలిదాకా ప్యాసింజర్లో కూర్చుని వచ్చింది, మధ్యలో ఒకసారి బ్యాగు తెరిచి రుమాలు ఉందో లేదో చూసుకుంది. హాల్లో మొదటి వరసలో కుర్చీ వేయించుకుంది. ఆయన లేచి, చాలాకాలం కిందట ఒక టీచరుగారి నాణేన్ని తాను నకిలీ అన్నాననీ, అది అసలైనదని తనకు అప్పుడే తెలుసనీ చెప్పాడు. చాలా చిన్న గొంతుతో, కాగితాలు సర్దుతూ చెప్పాడు.

"వెనకవాళ్ళకి వినపడలేదండి," అంది అమ్మ.

క్లాసులో పాఠం అప్పజెప్పించుకునే గొంతు అది. ఆయన కాగితాలు కింద పెట్టి మళ్ళీ చెప్పాడు. ఎందుకలా అన్నారో కూడా చెప్పండి అంది. అదీ చెప్పాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని నాకనిపించింది.

ఆ తర్వాత అమ్మ రుమాలు విప్పి, నాణేన్ని అంచుల దగ్గర వేళ్ళతో పట్టుకుని, వరసలో ఒక్కొక్కరికీ భూతద్దంలోంచి తనే చూపించింది. కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నలకు ఓపిగ్గా జవాబిచ్చింది. అచ్చు చెక్కినవాడు ఎలా పొరబడ్డాడో చెబుతుంటే ఆమె మొహం నేను చిన్నప్పుడు చూసిన మొహంలా ఉంది. ఆఖర్న లాయరుగారు కూడా దగ్గరికొచ్చి అలవాటుగా చెయ్యి చాచాడు.

"చూడండి. ముట్టుకోవద్దు," అంది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశాడు. నడుము నొప్పి కాబోలు, వంగడం కష్టంగా ఉంది. అమ్మ నాణేన్ని కొంచెం కూడా పైకెత్తలేదు. నాకు జాలి వేస్తుందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. వేయలేదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ వేయించిన వేరుశెనక్కాయలు కొనుక్కుని తింటూ, ఎదురుగా కూర్చున్నావిడతో మోకాళ్ళకు ఏ తైలం మంచిదో మాట్లాడుతూ వచ్చింది. చుండూరు దాటాక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమె పని అయిపోయింది. నాది అయిపోలేదని నాకు ఆ బండిలోనే తెలిసింది. కోపం ఆమెది, దాన్ని పెంచి పెద్దచేసింది నేను. ఆమె దింపేసుకున్నాక కూడా నా దగ్గర మిగిలిపోయింది.

సంఘం వాళ్ళు ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన స్థానంలో కార్యదర్శిని అధ్యక్షురాలిని చేశారు. విదేశీ నాణేలు చూసి చెప్పే పని నాకు అప్పగించారు. ఫోటోలు ఇప్పుడు నా ఫోనుకే వస్తాయి. పంపేవాళ్ళలో లాయరుగారూ ఉన్నారు. పుస్తకం మళ్ళీ సరిచేసి వేసే ఆలోచనలో ఉన్నట్టున్నాడు, తన నాణేలు ఒక్కొక్కటే ఫోటో తీసి, ఇది జంట అచ్చేనా అమ్మా అని అడుగుతూ ఉంటాడు. జంట అనుకున్నవి చాలావరకు మర అదురే అవుతాయి, ఎవరు పంపినా అంతే. మిగతావాళ్ళకు మెట్టు ఎక్కడుందో బాణం గుర్తు గీసి, ఎందుకు కాదో వివరంగా రాసి, బాధపడవద్దని కూడా రాస్తాను. ఆయన ఫోటో వస్తే పూర్తిగా, జాగ్రత్తగా చూస్తాను. అబద్ధం ఎన్నడూ చెప్పలేదు. చూశాక ఒక పూట ఆగి, ఒక్క ముక్కలో జవాబిస్తాను.

కాదండి.